కొఱ్ఱమీను మేతయు, మూలికల సీసాలును

కొఱ్ఱమీను మేతలో చేపపొడి భాగమును తగ్గించి, ఆ లోటును మూలికల సారములతో సరిపెట్టవచ్చునా యని మన సంఘసభ్యులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. చైనాదేశమున పెంపుడు తాబేళ్లకు అట్టి మేత పెట్టి పరీక్షించుచున్నారన్న వార్త విని వారీ ప్రశ్న వేసిరి. మఱి యొకరిద్దఱు, ఆ తాబేళ్లనే మన కుంటలలో పెంచిన నష్టమేమి యనియు అడిగిరి. ఈ రెండవ ప్రశ్నకు సమాధానము చిన్నది గనుక దానిని ముందుగా ముగింతుము.

మన తాబేళ్లను పట్టుట, పెంచుట, అమ్ముట నేరము. మన చెఱువులలోను, వరిమడుల కాలువలలోను తఱచు కనబడు మెత్తచిప్ప తాబేలు 1972 వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలులో, అనగా పులి యున్న పట్టికలోనే, చేర్చబడియున్నది. దానిని పట్టినవారికి మూడేండ్లకు తక్కువ కాకుండ, ఏడేండ్లవఱకు ఖైదు, దానిపై జరిమానా. కృష్ణా గోదావరులలో నుండు పెద్ద మెత్తచిప్ప తాబేలు మఱింత అరుదైనది. దానిని 2022 లో పనామాలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున వ్యాపారము నిషిద్ధమైన జంతువుల పట్టికలోనికి ఎక్కించిరి. కావున తాబేటి పిల్లలను తెచ్చియిత్తుము, పెద్దవైన పిమ్మట మేమే కొందుము అని ఎవరైన వచ్చినచో వాకిటనుండియే పంపివేయవలయును. వలలో తాబేలు పడినచో మెల్లగా విడిపించి నీటిలో వదలుడు. అది చచ్చిన చేపలను, నత్తలను తిని కుంటను బాగుచేయునే గాని రైతునకు శత్రువు కాదు.

ఇక మొదటి ప్రశ్న. చైనావారు ఏటేట మూడులక్షల టన్నులకు మించి మెత్తచిప్ప తాబేళ్లను పెంచి తినుచున్నారు. అది మాంసాహారి. దాని మేతలో సగమునకు తక్కువకాకుండ చేపపొడి వేయుట అచటి వాడుక. ఇంత చేపపొడి ఎచటనుండి రావలయును? ప్రపంచమున చేపపొడికి పెద్ద గాదె పెరూదేశపు సముద్రతీరము. అచటి నీరు వేడెక్కిన యేట చిన్నచేపలు దొరకవు. 1972-73 లో అట్లే జరిగి చేపపొడి మాత్రమే కాక సోయా ధరయు ఆకాశమంటెను. 2023 లో కూడ పెరూ ప్రభుత్వము తన ముఖ్యమైన వేటకాలములలో నొకదానిని రద్దుచేయవలసివచ్చెను. మన దేశమున పశ్చిమ తీరమున కవళ్లు మొదలగు చిన్నచేపలను ఎండబెట్టి పొడిచేయు మిల్లులు కలవు గాని, ఆ కవళ్లును ఒకయేడు పోటెత్తి మఱియొకయేడు మాయమగుచుండును. ఎచటనో సముద్రము వేడెక్కినచో మన మేత బస్తా ధర పెరుగుచున్నదనుట రైతులకు వింతగా తోచునేమో. కాని సంగతి అదియే. కాబట్టి చేపపొడిని తగ్గింపవలెనను కోరిక చైనావారికెంత న్యాయమో మనకును అంతే న్యాయము.

కట్ల, రోహు పెంచువారికి ఈ చిక్కు లేదు. కొల్లేటి ప్రాంతమున రంధ్రములు పొడిచిన సంచులలో తవుడు, చెక్క నింపి కఱ్ఱలకు కట్టి వ్రేలాడదీయుదురు. చేపలు వచ్చి పొడుచుకొని తినును. చేపపొడి పేరైన ఎత్తకుండ ఆ జిల్లాలలో లక్షలకొలది టన్నుల చేప పండుచున్నది. కొఱ్ఱమీను తీరు వేఱు. అది కప్పలను, చిన్నచేపలను, ఆకలియైనచో తన తోబుట్టువులను తిని బ్రదుకునది. దాని మేతలో నూటికి నలువదిపాళ్లకు మించి మాంసకృత్తులుండవలయును. అయినను రైతు దానినేల కోరునో హైదరాబాదు బజారు చూచినవారికి తెలియును. అది గాలి పీల్చు చేప గనుక తొట్టిలో ప్రాణముతోనే బజారు చేరును. ప్రాణముతో నున్న చేపకు ప్రాణము లేని చేపకంటె ధర హెచ్చు. మృగశిర కార్తె ప్రవేశించిన దినమున బషీర్‌బాగు, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోకనగరు గృహస్థులు సంచులు పట్టుకొని రాంనగరు చేపల బజారునకు బయలుదేరుదురు. ఆ దినమున అచట కాలు పెట్ట చోటుండదు. ఆ మృగశిరకే నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున బత్తిన వారు చిన్న కొఱ్ఱమీను నోటిలో మందు ముద్దనుంచి ఉబ్బసరోగులచే మ్రింగింతురు. మూలికను కొఱ్ఱమీనుతో జతచేయుట ఈ నగరమునకు క్రొత్త కాదని నవ్వులాటకు చెప్పుచున్నాము. అది మనుష్యుల సంగతి, మనది చేప కడుపు సంగతి.

చేపపొడిని తీసివేసినప్పుడు మేతనుండి ఏమేమి పోవునో మొదట తెలిసికొనవలయును. మాంసకృత్తులు పోవును, వానిని సోయాచెక్కతో చాలవఱకు తిరిగి తేవచ్చును. కాని లైసిను, మెథియోనిను అను రెండు అంశములు ధాన్యములలోను, చెక్కలలోను కొఱతగా నుండును. సోయాలో లైసిను చాలినంత యున్నను మెథియోనిను చాలదు. చేపపొడిలోని భాస్వరము చేప ఒంటికి పట్టును. గింజలలోని భాస్వరము చాలభాగము ఫైటేటు అను రూపమున బిగిసియుండి పేడగా పోయి నీటిని పాచిపట్టించును. అన్నిటికంటె ముఖ్యము రుచి. చేపపొడి వాసన లేని గుళికను కొఱ్ఱమీను నోటపట్టి ఉమ్మివేయును. ఇవి నాలుగు లోటులు. ఇందు మూలికల సారము తీర్పగలది ఏది? కొంతవఱకు నాలుగవది, అనగా ఆకలిని, రుచిని పుట్టించుట. తక్కిన మూటిని అది తీర్పజాలదు. ఆకు పసరు ఎంత మంచిదైనను పప్పు చేయు పని చేయదు. ఈ సంగతిని చెప్పక, “చేపపొడి మానివేయుడు, మా సీసా వేయుడు” అని యెవరైన పలికినచో వారికి చేపల సంగతి తెలియదు, లేదా తెలిసియు దాచుచున్నారు.

సారము లేమియు చేయవని మేమనుట లేదు. చెక్కలు హెచ్చుగా తిన్న మాంసాహారి చేపకు ప్రేగులు వాచును. సోయాలోని సబ్బుగుణముగల పదార్థములు అందుకు కొంత కారణమని సాల్మను చేపలను పెంచు దేశములవారు చాలకాలముగా ఎఱుగుదురు. అట్టి వాపును, కాలేయముపై భారమును తగ్గించుటకును, పైత్యరసము చక్కగా ఊరుటకును కొన్ని మూలికలు తోడ్పడగలవు. ఐరోపావారు 2006 జనవరి మొదటి తేదీనుండి ఎదుగుదల కొఱకు పశువుల మేతలో ఆంటిబయాటికులు కలుపుటను నిషేధించిన పిమ్మట, వానికి బదులుగా ఓమ జాతి, తులసి జాతి మొక్కల తైలములపై లోకమంతట ఆసక్తి హెచ్చినది. అందు పనిచేయు థైమాలు అను పదార్థము మన వాములో సమృద్ధిగా కలదు. కడుపునొప్పికి నాయనమ్మ వేడినీటితో ఇచ్చిన వామే అది. వెల్లుల్లిలోని ఘాటునకు సూక్ష్మజీవులను అణచు శక్తి కలదు. పసుపులోని కుర్కుమిను మంచిదేగాని ఒంటికి పట్టుట కష్టము. వట్టి పసుపుపొడి చల్లినంత మాత్రమున చేప కాలేయమునకు అది చేరునని నమ్మరాదు. రొయ్యల గుంటలలో అమ్మోనియా వాసన తగ్గించుటకని యుక్కా అను మెక్సికోదేశపు మొక్క సారమును నెల్లూరు, భీమవరము ప్రాంతపు రైతులు ఇదివఱకే కొనుచున్నారు.

అయితే మొక్కనుండి వచ్చినదంతయు సాధువైనదని తలచుట మన వారిలో ఒక పెద్ద పొరపాటు. ఇప్పచెక్కను చూడుడు. చేపపిల్లలను వదలుటకు ముందు కుంటలోని పనికిమాలిన చేపలను చంపుటకు ఎకరమునకు వేయికిలోలవఱకు ఇప్పచెక్కనే చల్లుదుము. అందులోని సబ్బుగుణము చేప మొప్పలను, నెత్తురును చెఱచి చంపును. రెండు మూడు వారములు గడచి ఆ విషము విఱిగిన పిమ్మట అదే చెక్క ఎఱువుగా మాఱును. అడవి ఇప్పపూవు తినదగినదే, ఇప్పనూనె దీపమునకు మంచిదే, చెక్క మాత్రము చేపకు యముడు. ఒకే మొక్క భాగములలో ఇంత భేదమున్నప్పుడు, ఏ మొక్కయో, ఏ భాగమో, ఎంత గాఢమో వ్రాయని సీసాను కుంటలో పోయుట ఎట్లు?

వేరుసెనగ చెక్క కథయు ఇట్టిదే. 1960 లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు కొన్ని నెలలలో చచ్చిపడెను. ఏ రోగమో తెలియక దానికి పేరుకూడ తెలియని రోగమనియే పెట్టిరి. తుదకు ఆ పిల్లలు తిన్న బ్రెజిలుదేశపు వేరుసెనగ చెక్కలో బూజు పుట్టించిన విషమని కనుగొనిరి. అఫ్లాటాక్సిను అను మాట లోకమున కట్లు వచ్చినది. మన తెలుగుదేశమున కాయ తడిసియుండగా కుప్పవేసిన వేరుసెనగలో ఆ విషము నేటికిని పుట్టుచున్నది. పటాన్‌చెఱువులోని ఇక్రిశాటువారు దానిని తక్కువ ఖర్చుతో పరీక్షించు పద్ధతిని ఏర్పఱచిరి. పత్తిచెక్క మనకు చౌక, మనవద్దనే లభించును. కాని అందు గాసిపాలు అను పదార్థము కలదు. దాని బాధ తగ్గించుటకు ఇనుప లవణములను కలిపెడివారు కలరు. సోయాచెక్క పచ్చిగా నున్నచో మాంసకృత్తుల నరిగించు రసమునే అది అడ్డును; చక్కగా వేచినదో లేదో చూచి కొనవలయును. మూలికల సారమును గుఱించి నెలలకొలది చర్చించుచు, బూజుపట్టిన చెక్కను మాఱుమాటాడక మిక్సరులో పోయువారిని మేము ఎఱుగుదుము. మేత గదిలో మొదట తేమ తగ్గింపుడు. ఆ పిదప సీసాల మాట.

సీసాల మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పెదము. ఒక గ్రామమున సంఘపు గదిలో కూర్చుండియుండగా వ్యాపారి యొకడు రంగుల చీటి యంటించిన సీసాను మా ముందుంచి, ఇందు ఇరువదియొక్క మూలికలున్నవనెను. ఏవియో చెప్పుమనగా అది కంపెనీ రహస్యమనెను. సరే, పనిచేయు పదార్థము నూటికెంతపాలో చెప్పుమంటిమి. “అయ్యా, మీరు వేసి చూడుడు, మీకే తెలియును,” అని సెలవిచ్చెను. ప్రక్కనున్న ఒక వృద్ధరైతు, “మందు పేరు చెప్పని వైద్యునకు మా యింటి గేదెను కూడ చూపను బాబూ,” అనగా అందఱు నవ్విరి గాని, ఆ సాయంకాలమే వీధిలో అయిదారు సీసాలు అమ్ముడుపోయెను. దీనికి కారణము రైతు తెలివితక్కువ కాదు. అప్పు తెచ్చి చేపను వదలినవాడు భయముతో నుండును; భయపడినవానికి ఏదైన అమ్మవచ్చును.

మఱియొక భయము గలదు. క్లోరాంఫెనికాలు, నైట్రోఫ్యురానులు మొదలగు మందులు చేపలకు, రొయ్యలకు వాడుట నిషిద్ధము. వాని జాడ కనబడినచో పరదేశములు సరకును త్రిప్పిపంపును. మూలికలని చెప్పిన సీసాలో అట్టి మందు రవ్వంత కలిసియున్నచో చేప ఎదుగుదల కంటికి కనబడును. నేరము మాత్రము రైతు మెడకు చుట్టుకొనును. ఆంధ్రప్రదేశమున 2020 లో చేపల మేత నాణ్యతను గుఱించి ప్రత్యేకమైన చట్టమే వచ్చినది. చట్టమున్నను సీసాపై ఏమి వ్రాసియున్నదని అడుగవలసినవాడు కొనువాడే.

ఇపుడు లెక్కలోనికి వత్తము. ఇది వివరించుటకై మేము వేసిన ఊహాలెక్క గాని ఏ కుంటదియు కాదు. వేయికిలోల కొఱ్ఱమీను పండుటకు వేయిన్నయిదువందల కిలోల మేత పట్టినదనుకొందము. కిలో మేత 90 రూపాయలైనచో ఖర్చు 1,35,000 రూపాయలు. సారము కలిపినందువలన కిలోకు మూడు రూపాయలు పెరిగి 93 అయినది. ఈ మూడు రూపాయలు తిరిగి రావలెనన్న, అదే చేపను 1,452 కిలోల మేతతో పండింపవలయును. అనగా 48 కిలోల ఆదా, నూటికి మూడుపాళ్లు. అంతకంటె హెచ్చు ఆదాయైనచో లాభము, తక్కువైనచో నష్టము.

ఈ నూటికి మూడుపాళ్ల భేదమును ఒక్క రైతు తన ఒక్క కుంటలో చూడగలడా? చూడలేడు. ప్రక్కప్రక్కనున్న రెండు కుంటలు, ఒకే పిల్ల, ఒకే మేత అయినను పంటలో అంతకు మూడు నాలుగురెట్ల భేదము మామూలుగా వచ్చును. ఒకదానికి నీడ హెచ్చు, ఒకదాని గట్టున నీటికాకులు హెచ్చు, ఒకదానిలో పెద్ద పిల్లలు చిన్నవానిని తినివేసెను. సీసా వాడిన కుంట బాగుగా పండినచో సీసా గొప్ప, పండనిచో వాన తప్పు. వ్యాపారికి కావలసినది ఇట్టి పరీక్షయే. “వేసి చూడుడు” అనుటలోని కిటుకు ఇది.

ఒక్కరైతునకు అసాధ్యమైనది సంఘమునకు సాధ్యము. సహకారసంఘమనగా అప్పులిచ్చు, ఎఱువుల బస్తాలు పంచు స్థలమని మాత్రమే మనవారు తలచుచున్నారు. మా అభిప్రాయమున పదిమంది కుంటలను కలిపి ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టుట దాని పనులలో ముఖ్యమైనది. పది కుంటలవారు ముందుకు రావలయును. పిల్లను ఒకేచోట కొని, పరిమాణమును బట్టి వేఱుచేసి సమముగా పంచవలయును. ఏ అయిదు కుంటలకు సారము కలిపిన మేతయో, ఏ అయిదింటికి కలుపనిదో చీట్లు వేసి నిర్ణయింపవలయును. అధ్యక్షుని కుంటకు మంచిదని పెట్టుట గాని, వెనుకబడిన కుంటకు మందని పెట్టుట గాని పనికిరాదు. మేత రెండు రంగుల సంచులలో వచ్చును. ఏ రంగు ఏదో కార్యదర్శి ఒక్కడు ఎఱిగి, కవరులో వ్రాసి సీలువేసి, పంట తూచువఱకు బీరువాలో నుంచవలయును. మేత చల్లువాడు ఎఱుగరాదు. ఎఱిగినచో, తనకు తెలియకయే నమ్మకమున్న కుంటకు మఱియొక గుప్పెడు వేయును.

పది కుంటలు దొరకనిచోట ఒకే కుంటలో ఎనిమిది హాపాలు, అనగా సన్నని వలతో కుట్టిన గదులు, కట్టి నాల్గింటికి ఒకవిధముగను, నాల్గింటికి మఱియొకవిధముగను మేపవచ్చును. నీరు ఒక్కటే గనుక భేదము మేతదే యని మఱింత ధైర్యముతో చెప్పవచ్చును. అయితే హాపాలోని చేప కుంటలోని చేపవలె ఎదుగదు. అందుచేత మేము కుంటలనే మేలందుము.

ఇది ప్రభుత్వపు పని గదా, మనకేల యని కొందఱందురు. జాతీయ మత్స్యాభివృద్ధి సంస్థ 2006 నుండి హైదరాబాదుననే యున్నది. దానివలన శిక్షణయు, సాయమును పొందవలసినదే. ప్రభుత్వ పరిశోధనశాలలో తేలిన ఫలితము అచటి నీటికి, అచటి మేతకు సంబంధించినది. మన నల్లరేగడి కుంటలో, మన మిల్లు చెక్కతో, వేసవి మండుటెండలో అది నిలుచునో లేదో మనమే చూడవలయును. తాబేలుపై చైనాలో తేలినది కొఱ్ఱమీనుపై ఇచట తేలినట్లు కాదనుటయు ఇట్టిదే. తాబేలు నీటిలోనుండియు ఒడ్డెక్కి ఎండకాగు ప్రాణి. దాని అరుగుదల నిదానము. దానిని అచట వేడినీటి కొట్టములలో పెంచెదరు. అచటి ఫలితము మనకు వెదకవలసిన దిక్కును చూపును గాని, వేయవలసిన మోతాదును చెప్పదు.

మేతను మనమే తయారుచేసికొందమన్నవారికి ఒక మాట. కట్ల, రోహుల మేతకు సంఘపు మిల్లు చాలును. కొఱ్ఱమీనునకు నీటిపై తేలు గుళిక కావలయును. అందుకు ఆవిరి ఒత్తిడితో పనిచేయు యంత్రము అవసరము. ఆ యంత్రమును ఒక్క సంఘము కొనుట మాకిష్టము లేదు. నాలుగైదు సంఘములు కలిసి, మంచి పేరున్న మిల్లుతో చేపపొడి ఎంత, సోయా ఎంత, మెథియోనిను ఎంత అని వ్రాతమూలకముగా ఒడంబడిక చేసికొని మేత చేయించుకొనుట మేలు. ఖర్చు కలిసివచ్చునని కోళ్ల దుకాణముల ప్రేగులను పచ్చిగా తెచ్చి కుంటలో పడవేయుట మాత్రము మానుడు. నిషిద్ధమైన ఆఫ్రికా మార్పుచేపను పెంచువారు చేసిన ఆ పనివలననే చెఱువు చేపకు నగరమున చెడ్డపేరు వచ్చినది.

వానలు పడి పిల్ల దొరకు కాలము దగ్గఱపడుచున్నది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ పరీక్షను గుఱించిన తీర్మానమును ఉంచదలచితిమి. కుంట నిచ్చుటకు ఇష్టపడువారు కుంట విస్తీర్ణము, లోతు, నీటి వసతి, గతయేటి పంట తూకము వ్రాసి సంఘ కార్యదర్శికి అందజేయవలయును. గతయేటి తూకము వ్రాసిపెట్టుకొననివారు ఈ యేడు ఒక నోటుపుస్తకము కొని, ప్రతిదినము వేసిన మేతను, చచ్చి తేలిన చేపల లెక్కను, ప్రొద్దుట ఆఱుగంటలకు నీటి వేడిమిని అందు వ్రాయుచుండుడు. పంట తూచుటకు పది కుంటలకును సంఘపు కాటాయే వాడబడును.